బొమ్మ కింద మూలన ఉన్న పేరు



చదువుకో ఉద్యోగానికో బెంగళూరు వచ్చిన మనవాళ్లు తొందరగా చూసొచ్చే చోటు లాల్‌బాగ్. హైదర్ అలీ 1760లో మొదలుపెట్టించిన తోట అని అందరికీ తెలుసు. 1856లో అది ప్రభుత్వ ఉద్యానవనం కావడం వెనుక హ్యూ క్లెగ్‌హార్న్ అనే డాక్టరు సలహా ఉంది. ఆయనకు మొక్కల బొమ్మలు గీసిపెట్టిన వారిలో ఒక తెలుగాయన ఉన్నారు, పేరు గోవిందు. గోవిందు అంతకుముందు రాబర్ట్ వైట్ దగ్గర పనిచేశారు. వైట్ దగ్గర గోవిందుకు ముందు ఆ పని చేసింది రంగయ్య. ఇద్దరూ తెలుగు మాట్లాడే చిత్రకారులు, తంజావూరు సంప్రదాయంలో చెయ్యి తిరిగినవారు.

వైట్ స్కాట్లండ్ మనిషి. 1819లో కంపెనీ సైన్యంలో డాక్టరుగా మద్రాసు వచ్చి, 1853 దాకా మన దక్షిణాదిలోనే ఉన్నారు. కోయంబత్తూరులో అమెరికా పత్తిని పండించే ప్రయోగాలు చూసే ఉద్యోగం కూడా చేశారు. ఆయన మనసు మాత్రం మొక్కల మీదే.

ఆ రోజుల్లో మొక్కల్ని వర్గీకరించే పద్ధతి మారుతోంది. లిన్నేయస్ పద్ధతిలో పువ్వులో కేసరాలు లెక్కపెడితే చాలావరకు పని అయిపోయేది. కొత్త పద్ధతికి అది చాలదు. అండాశయాన్ని కోసి లోపల ఎన్ని గదులున్నాయో, అండాలు ఏ గోడను అంటిపెట్టుకున్నాయో చూడాలి. ఆవగింజంత అండాశయంలో అది మామూలు కంటికి కనిపిస్తుందా? అందుకే సూక్ష్మదర్శిని కావాలి. దాని కింద కనిపించినదాన్ని ఉన్నదున్నట్టు కాగితం మీద పెట్టే చెయ్యీ కావాలి. కింద ఎంత బాగా చూసినా, ఆ చెయ్యి లేకపోతే లండన్‌లో కూర్చున్న మరో శాస్త్రవేత్తకు అది చేరదు.

ఆ చెయ్యి రంగయ్యది, తర్వాత గోవిందుది. కాగితం మీద ఒక కొమ్మ ఉంటుంది. దాని కిందో పక్కనో విప్పిన పువ్వు, ఒక కేసరం, అడ్డంగా కోసిన అండాశయం, ఒక్క విత్తనం పెద్దవిగా ఉంటాయి. దేవుళ్ల బొమ్మలకు బంగారు రేకులు అద్దే సంప్రదాయం నుంచి వచ్చినవాళ్లు ఇది గీశారంటే, కొత్తగా ఎంత నేర్చుకుని ఉండాలి! నన్నడిగితే అది కూడా శాస్త్రమే.

వైట్ ‘ఐకోనీస్’ పుస్తకం 1838 నుంచి 1853 దాకా ఆరు సంపుటాలుగా మద్రాసులో వెలువడింది. మొత్తం 2101 చిత్రపటాలు. వైట్ గురించి ఒక మంచి మాట చెప్పాలి. కంపెనీ దొరల కోసం బొమ్మలు గీసిన మనవాళ్లలో చాలామంది పేర్లు ఎక్కడా మిగల్లేదు. ఈయన పుస్తకంలో మాత్రం బొమ్మ కింద మూలన చిన్న అక్షరాల్లో రంగయ్య అనో, గోవిందు అనో అచ్చయింది. పక్కనే రాతి అచ్చు వేసిన డంఫీ పేరు కూడా. అంతటితో ఆగకుండా ఒక ఆర్కిడ్ ప్రజాతికి వైట్ ‘గోవిందూయా’ అని పేరు పెట్టారు. తర్వాతి శాస్త్రవేత్తలు దాన్ని ట్రోపిడియాలో కలిపేశారు. అది కక్షతో కాదు, వర్గీకరణలో జరిగేదే. రంగయ్య పేరు మీద ‘రంగియా’ ఉంది. కనకాంబరం కుటుంబంలోని చిన్న మొక్కలవి.

మీరు గమనించారో లేదో, డాక్టర్లనూ చిత్రకారులనూ నేను ఒకే గౌరవంతో ‘ఆయన’, ‘వారు’ అంటున్నాను. మామూలుగా దొరను ‘ఆయన’ అంటాం, బొమ్మ గీసినవాణ్ణి ‘అతను’ అంటాం.

ఇంకో వరస మనుషులున్నారు. కొండలెక్కి, అడవుల్లో తిరిగి, ఆ మొక్కల్ని కోసుకొచ్చినవాళ్లు. వైట్ వాళ్లకు జీతాలిచ్చి పంపించేవారు. చిత్రపటాల మీద వాళ్లకు మూల కూడా దొరకలేదు. మనలో ల్యాబుల్లో పనిచేసేవాళ్లున్నారు, ఊళ్లలో సర్వేలు చేసి డేటా తెచ్చేవాళ్లున్నారు. రేపు ఆ రిపోర్టు వచ్చినప్పుడు దాని మీద ఎవరెవరి పేర్లు ఉన్నాయో చూడండి. లేనివాళ్లెవరో అడగండి.

రంగయ్య, గోవిందుల బొమ్మలు వందల సంఖ్యలో ఎడిన్‌బరోలోని రాయల్ బొటానిక్ గార్డెన్‌లో భద్రంగా ఉన్నాయి. వాటి మీద హెన్రీ నోల్టీ 2007లో మూడు సంపుటాల పుస్తకం తెచ్చారు. దాని పేరులోనే వైట్‌తో పాటు వీళ్లిద్దరూ ఉన్నారు. ‘ఐకోనీస్’ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఈ రాత్రి ఫోన్లో ఒక పటం తెరిచి, పెద్దది చేసి, కింద ఎడమ మూల చూడండి.