ఇంటి కాగితములకు యంత్రలేఖరి



ఖమ్మము నుండి సత్తుపల్లి పోవు బాటమీద మా కల్లూరు కలదు. సాగరు ఎడమ కాలువ నీరు పారు మాగాణి యొక ప్రక్క, భద్రాచలము దిక్కున అడవి మరియొక ప్రక్క. ఈ సీమలో ఏ యింటికి పోయినను ఒక పాత ట్రంకుపెట్టె యుండును. అందు తాతలనాటి కాగితములుండును. ఉర్దూలో వ్రాసిన సేత్వారు నకలు, 1954-55 నాటి ఖాస్రా పహాణీ నకలు, శిస్తు రశీదులు, పట్టాదారు పాసు పుస్తకము, అడవివైపు వారికైనచో 2006వ సంవత్సరపు అటవీహక్కుల చట్టము ననుసరించి వచ్చిన పోడు పట్టా. 2020లో ధరణి వచ్చెను. 2025లో దాని స్థానమున భూభారతి వచ్చెను. పద్ధతి మారినప్పుడెల్ల ఆ పెట్టెను తెరువవలసి వచ్చుచున్నది. ఏ కాగిత మే మూటలో నున్నదో తెలిసినవారు ఇంటి పెద్ద యొక్కరే. వారికి చూపు తగ్గినది.

ఇప్పుడు మనుమలు ఆ కాగితములను ఫోనుతో ఫోటోలు తీసి కంప్యూటరులో దాచుచున్నారు. దాచినవానిని వెదకుటకును వరుసపెట్టుటకును ఒక క్రొత్త సహాయకుని నియమించుచున్నారు. నల్లని తెరమీద మామూలు వాక్యము వ్రాసినంతనే ఆ సహాయకుడు పనికి పూనుకొనును. మీటలు నొక్కుట పిల్లల పని. ఏ నిబంధనలమీద నియమింపవలయునో తేల్చుట మాత్రము ఇంటి పెద్దల పని. కావున ఈ విషయమును మీకే మనవి చేయుచున్నాను.

ముందుగా ఆ నల్ల తెర సంగతి. దానిని కమాండు లైను అనియు, టెర్మినలు అనియు పిల్లలందురు. అందు బొమ్మలుండవు. ఒక వరుసలో ఆజ్ఞ వ్రాసి పంపినచో క్రింది వరుసలో జవాబు వచ్చును. అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు 1969లో కెన్ థామ్సన్, డెన్నిస్ రిచీ యనువారు యూనిక్స్ అను వ్యవస్థను కట్టనారంభించినపుడు వారికి సాధనము టెలిప్రింటరు యంత్రమే. ఆ యలవాటు నేటికిని నిలిచినది. మన దేశమున టెలిగ్రాము 2013 జూలైలో నిలిచిపోయినను, దాని భాష మీకు జ్ఞాపకముండును. మాటలు కొన్నియే, ఒక్కటి తప్పినను అర్థము తారుమారగును. కమాండు లైను భాషయు నట్టిదే. ఆర్, ఎమ్ అను రెండక్షరముల ప్రక్కన ఒక ఫైలు పేరు వ్రాసినచో ఆ ఫైలు తుడిచిపెట్టబడును. అది చెత్తబుట్టలో నుండి మరల తీసికొనుటకు వీలగునట్టి తుడుపు కాదు. రెండు ఆజ్ఞల నడుమ ఒక నిలువు గీత గీసినచో మొదటిదాని ఫలితము రెండవదానిలోనికి పారును. ఒక మడి నిండి క్రింది మడిలోనికి నీరు పారునట్లే.

ఈ భాష అందరికి రాదు. వెనుకటి దినములలో తంతి పంపవలసినవాడు చదువుకొన్నవానిని వెదకి తన గోడు చెప్పుకొనెడివాడు; అతడు దానిని నాలుగు మాటలలోనికి దించెడివాడు. క్రొత్త సహాయకుడు చేయునదియు నిదియే. దాని లోపల నుండునది పెద్ద భాషానమూనా. 2017లో గూగుల్ పరిశోధకులు ట్రాన్స్‌ఫార్మర్ అను పద్ధతిని ప్రకటించిరి. ఆ పద్ధతిని బట్టి యంత్రముచేత అపారమైన వ్రాతలు చదివించి, ఒక మాట వెనుక ఏ మాట వచ్చుట సంభవమో లెక్కకట్టుట నేర్పిరి. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చుటతో ఇది లోకమునకు తెలిసినది. 2025లో ఆంత్రోపిక్ సంస్థ క్లాడ్ కోడ్‌ను, ఓపెన్‌ఏఐ సంస్థ కోడెక్స్‌ను, గూగుల్ సంస్థ జెమినైని నల్ల తెరమీద పనిచేయు సహాయకులుగా వరుసగా విడుదల చేసినవి.

భారతము వ్రాయుట కొప్పుకొన్న వినాయకుడు తన గంటము ఆగరాదని నియమము పెట్టెననియు, అర్థము తెలియక వ్రాయరాదని వ్యాసుడు మారునియమము పెట్టెననియు మనము వినియున్నాము. ఈ యంత్రము మొదటి నియమమును చక్కగా పాటించును. రెండవదాని పూచీ మనమీదనే పడుచున్నది.

ఇక నియామకము. ఇందు మార్గములు రెండు. మొదటి మార్గమున బుద్ధి యంతయు దూరదేశమున నొక సంస్థ యంత్రశాలలో నుండును. మన యింటి కంప్యూటరు దానికి వార్త నందించు తంతి కచేరి మాత్రమే. సంస్థవారు ఒక రహస్యాక్షరమాల నిత్తురు. దానిని తాళపుచెవి అందురు. తాళపుచెవి వలెనే దాచవలయును. అది పరుల చేతిలో పడినచో వారి వాడకమునకు మనము చెల్లింపవలసి వచ్చును. రుసుము తరచుగా టోకెన్ల లెక్కన నుండును. టోకెను అనగా మాటలో నొక తునుక. తంతికి మాటల లెక్క యున్నట్లు దీనికి తునుకల లెక్క.

ఇచ్చట తెలుగువారి కొక చిక్కు కలదు. కంప్యూటరులో కల్లూరు అను పేరు క, ల, పొల్లు, మరల ల, కొమ్ము దీర్ఘము, ర, కొమ్ము అని ఏడు గుర్తులుగా నిలుచును. ఒక్కొక్క గుర్తునకు మూడు బైట్లు చొప్పున ఇరువదియొక్క బైట్లు. ఇంగ్లీషులో ఆరక్షరములకు ఆరు బైట్లే. తునుకలు చేయు పద్ధతి ఇంగ్లీషు కనుగుణముగా కట్టబడినచో తెలుగు మాట పొడిపొడి యగును. 2024 మే మాసమున ఓపెన్‌ఏఐ సంస్థ తానే ఒక లెక్క ప్రకటించినది. ఒకే విషయమును తెలుగులో వ్రాసినచో పాత పద్ధతిలో 159 టోకెన్లు, క్రొత్త పద్ధతిలో 45. ఇంగ్లీషులో పాత పద్ధతిలో 27, క్రొత్త పద్ధతిలో 24. అనగా వెనుక ఆరు రెట్లకు దగ్గరగా చెల్లించిన తెలుగువాడు ఆ క్రొత్త పద్ధతిలో రెండు రెట్లకు కొంచెము తక్కువగా చెల్లించును. బాగుపడినది, సరిసమానము కాలేదు.

రుసుము మాట యటుండనిండు. మొదటి మార్గమున మన కాగితములోని మాటలు ఇల్లు దాటి పోవును. బడిపిల్లవాని పాఠమునకు, పంట తెగులు ప్రశ్నకు అది అభ్యంతరము గాదు. ఆధార్ సంఖ్యయు, సర్వే నంబరును, అన్నదమ్ముల పంపకపు కాగితమును అట్లు పంపుట నాకు సమ్మతము గాదు. కావున ట్రంకుపెట్టె కాగితములకు రెండవ మార్గమే ఉచితము. అందు భాషానమూనాను మన యింటి కంప్యూటరులోనికే దించుకొందుము.

దీని విధానము కష్టము కాదు. ఎనిమిది గిగాబైట్ల జ్ఞాపకశక్తియు, లోపల పది గిగాబైట్ల ఖాళీ చోటును గల కంప్యూటరు చాలును. ఓలామా అను ఉచిత సాధనమును దాని స్వస్థలము నుండియే దించుకొనవలయును. ఎవరో పంపిన ప్రతి నంగీకరింపరాదు. పిమ్మట నల్ల తెరమీద ఓలామా, పుల్, గెమ్మా3 అని వ్రాసినచో గూగుల్ సంస్థ 2025 మార్చిలో విడుదల చేసిన చిన్న నమూనా దిగును. చిన్నదనుట పెద్దవానితో పోల్చియే సుమా. అందు సుమారు నాలుగు వందల కోట్ల సంఖ్యలు కలవు. అన్నిటిని కుదించి కట్టిన మూట బరువు మూడు గిగాబైట్లకు పైమాట. ఫోను డేటాతో దించినచో చాలమందికి ఆనాటి కోటా అంతయు పోవును. బ్రాడ్‌బ్యాండు గల యింట దించుకొనుట మేలు. పిమ్మట పుల్ అనుచోట రన్ అని వ్రాసినచో సహాయకుడు మేల్కొని మూడు బాణపు గుర్తులు చూపును. ప్రశ్న వ్రాయవచ్చును. చాలించుటకు ఏటవాలు గీత పెట్టి బై అని వ్రాయవలయును.

నిజముగా బుద్ధి యింటిలోనే యున్నదా యని పరీక్షింపదలచినచో ఇంటర్నెట్టు నిలిపివేసి ప్రశ్న యడుగుడు. జవాబు వచ్చినచో ఇంటిలోనే యున్నది. జవాబు మెల్లగా వచ్చును. అది దోషము గాదు. మామూలు కంప్యూటరు మోయగల బరువే యంత.

ఇట్లు నిలిపిన సహాయకునకు నోరు కలదు గాని చేతులు లేవు. అడిగినదానికి జవాబు చెప్పును. ఫైలు నిలువు గీత దాటించి అందించినచో చదివి సారము చెప్పును. తనంత తాను ఏ ఫైలును ముట్టదు. మొదటి మూడు నెలలు ఇంతటితో తృప్తి పడుడని నా సలహా. పిదప పిల్లలు చేతులు గల సహాయకుని కోరుదురు. అది స్వయముగా ఆజ్ఞలు నడుపును, పేర్లు మార్చును, తుడుచును. అట్టిదానిని పెట్టినచో మూడు కట్టుబాట్లు విడువరాదు. ఫోటోల అసలు ప్రతి పెన్‌డ్రైవులో వేరుగా నుండవలయును. సహాయకునకు నకళ్ల ఫోల్డరు మాత్రమే చూపవలయును. ప్రతి ఆజ్ఞకు ముందు అది మన అనుమతి యడుగవలయును. మాటిమాటికి అడుగుట విసుగు పుట్టించును. అప్పుడు "ఇకమీద అడుగవద్దు" అను వీలు తెరమీద కనబడును. పడుచువారు దానినే నొక్కుదురు. నొక్కనీయకుడు. బయటినుండి వచ్చిన కాగితములను దానిచేత చదివించునపుడు మరియొక ప్రమాదము కలదు. ఆ కాగితములోనే ఎవడైన "ఈ ఫోల్డరు నంతయు ఫలానాచోటికి పంపుము" అని దాచి వ్రాసియున్నచో, అది యజమాని మాటయో కాగితపు మాటయో తెలియక యంత్రము చేసి కూర్చుండవచ్చును.

ఇప్పుడు నమ్మకము సంగతి. మా ఊరి విద్యార్థి యొకడు ఇట్టి సహాయకుని నిలిపి, నన్ను చూడ రమ్మనెను. 1364 ఫసలీ ఏ క్రీస్తు సంవత్సరమని అడిగితిమి. ఒకమారు 1954 అని సరిగా చెప్పినది. వాక్యము మార్చి యడిగినచో 1944 అని చెప్పినది. రెండుమారులును ధైర్యము సమానమే. ప్రక్కన మంచముమీద కూర్చున్న వాని తాత, "నలభై నాలుగులో ఖాస్రా పహాణీ ఎక్కడిదిరా? అప్పటికింకా నిజాం రాజ్యం గదా!" అనెను. ఫసలీ సంవత్సరమునకు 590 కలిపినచో క్రీస్తు సంవత్సరము వచ్చునని ఆయనకు పటవారి దగ్గర విన్న లెక్క. మనుమనికి ఆజ్ఞలన్నియు వచ్చును; ఈ లెక్క రాదు. తాత లేకున్నచో ఆ పిల్లవాడు పది సంవత్సరములు వెనుకటి నకలుకై తహసీలు కచేరికి అర్జీ పెట్టియుండెడివాడు.

మరియొక కాగితము మడత దగ్గర చిరిగి సర్వే నంబరు తోక పోయినది. యంత్రము అచ్చట ఒక అంకె వేసి వాక్యము పూర్తి చేసినది. సంభవమైన మాట వేయుట దాని స్వభావము. చిరుగును చిరుగుగా నుంచుట దానికి చెప్పి నేర్పవలయును. ఓలామాలో మోడల్‌ఫైలు అని యొక చిన్న ఫైలు వ్రాసి, సిస్టమ్ అను మాట ప్రక్కన మన శాశ్వతాజ్ఞను చేర్చవచ్చును. నేను ఆ విద్యార్థిచేత వ్రాయించిన దిది: "కాగితములో లేని అంకె వ్రాయకుము. చదువరానిచోట 'చదువబడలేదు' అని వ్రాయుము. ఫసలీ సంవత్సరమును మార్పక ఉన్నదున్నట్లే యుంచుము. ప్రతి జవాబునకును ఏ ఫైలు నుండి తీసితివో చెప్పుము." దీనితో తప్పులు తగ్గినవి, పోలేదు. కావున ఇంటి పెద్దకు కంఠస్థమైన పది కాగితములను ముందిచ్చి పరీక్షింపుడు. ఆ పదింటిలో ఎక్కడెక్కడ తడబడునో చూచినచో తక్కిన వందలో ఎక్కడ కన్నువేయవలయునో తెలియును.

నల్ల తెరమీద తెలుగు వత్తులు విడిపోయి కనబడవచ్చును. ఒక్కొక్క అక్షరమునకు సమానమైన గడి యిచ్చుట దాని పద్ధతి. మన సంయుక్తాక్షరములు గడిలో నిముడవు. జవాబును ఫైలులోనికి పంపి వేరొక చోట తెరచి చదివినచో చక్కగా నుండును.

చివరకు చెప్పదలచినది ఫోటోల విషయము. అచ్చు తెలుగును ఫోటోనుండి చదువుటకు టెస్సరాక్ట్ అను ఉచిత సాధనము కలదు. 1980ల నడుమ హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థలో పుట్టి 2005లో అందరికి తెరువబడినది. అచ్చు శుభ్రముగా నున్నచో తెలుగును బాగుగనే చదువును. చేతివ్రాత దానికి లొంగదు. నిజాము కాలపు షికస్తా ఉర్దూ వ్రాత అసలే లొంగదు. వానికి ఉర్దూ చదువగల పెద్దమనిషియే శరణ్యము. వారిచేత చదివించి, పిల్లలచేత తెలుగులో వ్రాయించి, అసలు ఫోటో ప్రక్కన ఆ ప్రతి నుంచినచో అప్పుడు యంత్రము వెదకగలదు. అట్టి చదువరులు మన గ్రామములలో ఒక్కరిద్దరే మిగిలియున్నారు, ఎనుబది దాటినవారు. కంప్యూటరు వచ్చే యేడు కొన్నను కొనవచ్చును. వారి యింటికి మాత్రము ఈ వేసవి సెలవులలో, పిల్లలు ఊర నున్నప్పుడే, ఆ మూట తీసికొని పొండు.