నేల తెలిశాకే తవ్వకం

 పట్టాలు అందుకున్న యువ ఇంజనీర్లందరికీ నా అభినందనలు.

1976లో ఏర్పడిన డ్రెడ్జింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాకు ప్రధాన కార్యాలయం మన విశాఖపట్నమే. అందుకే ఈరోజు పూడికతీత గురించి మాట్లాడతాను. టెండరు కాగితం మీద పూడికంతా ఘనపు మీటర్లే. నీటి అడుగున మాత్రం ఒక చోటి ఘనపు మీటరు మరో చోటిలా ఉండదు.

విశాఖ రేవు దగ్గర చేరేది ఇసుక. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు దాన్ని ఒడ్డు వెంబడి దక్షిణం నుంచి ఉత్తరానికి తోస్తాయి. రేవు కట్టడాలు అడ్డుపడటంతో ఉత్తరాన తీరం కోసుకుపోతుంది. డ్రెడ్జర్ ఓడలో పూడిక నింపుకునే తొట్టి, అంటే హాపర్‌లో, ఇసుక త్వరగా అడుగుకు దిగుతుంది, పైన తేరిన నీళ్లు వదిలేయొచ్చు. ఆ ఇసుకనే ఉత్తరానున్న ఆర్కే బీచ్‌కు పంపితే తీరానికి మేలు. కాకపోతే అది పంపులనూ గొట్టాలనూ అరగదీస్తుంది.

కొచ్చిలో వానాకాలం పేరుకునేది సన్నటి బురద. అది ఒక పట్టాన తేరదు. హాపర్ నిండినట్టే ఉంటుంది, అందులో చాలామటుకు నీళ్లే. పొర్లించి వదిలితే బురద మళ్లీ నీళ్లలోకే పోతుంది. అలాంటి చోట లోతు కొలవడమూ చిక్కే. లోతు కొలిచేందుకు పంపే ధ్వనిలో ఎక్కువ పౌనఃపున్యానిది బురద పైపొర నుంచే తిరిగొస్తుంది, తక్కువది లోపలి గట్టి పొర దాకా వెళుతుంది. అదే చోట రెండు లోతులు! రాటర్‌డామ్ రేవువాళ్లు దీనికో దారి చూశారు. ఘనపు మీటరుకు 1,200 కిలోల సాంద్రత దాకా ఉన్న పల్చటి బురదను ఓడ నడవదగిన లోతు కిందే లెక్కగట్టారు. అనవసరపు తవ్వకం తప్పింది.

హుగ్లీ నదిది వేరే కథ. కోల్‌కతా రేవులో ఒండ్రు కొట్టుకుపోయేలా గంగ నీటిని మళ్లించాలని 1975లో ఫరక్కా బ్యారేజీని ప్రారంభించారు. అయినా అదే నది మీదున్న హల్దియా రేవు దారిలో డ్రెడ్జర్లకు పని తప్పలేదు. పైనుంచి నీళ్లు వదిలినా, సముద్రపు పోటు కింది నుంచి ఒండ్రును ఎగదోస్తూనే ఉంటుంది. పూడిక ఎటునుంచి వస్తోందో తెలియకుండా మందు వేయలేం.

ఇక గట్టి బంకమన్ను ముద్దలు కట్టి గొట్టాలకు అడ్డుపడుతుంది. రాతిని పీల్చలేం, కట్టర్‌తో కోయాలి, లేదా పేల్చాలి.

కాబట్టి మిత్రులారా, బోర్‌హోల్ నమూనాలకయ్యే ఖర్చును దండగని కోత పెట్టకండి. నేల వివరం లేని అంచనా మీద సంతకం చేయకండి. డ్రెడ్జర్ మీద ఏళ్ల తరబడి పనిచేసిన ఆపరేటర్‌ను అడిగి తెలుసుకోవడానికి మీ పట్టా అడ్డు రాకూడదు.