చందాలపై నడచు సంభాషణశాల



ఉచితముగ లభించు వస్తువునకును వ్యయము కలదను సంగతి మనకు సులభముగ తోపదు. 2016వ సంవత్సరమున యూజెన్ రోచ్కో అను యువకుడు జర్మనీలో మాస్టొడాన్ అను సామాజిక మాధ్యమమును నిర్మించి, దాని సోర్సుకోడును ఎల్లరకును ఉచితముగ నొసంగెను. అది ప్రకటనలతో జీవించునది కాదు. వాడుకరుల చందాలే దానికి ముఖ్యాధారము.

దానికి ఒక్క యజమాని లేడు. వేలకొలది సర్వర్లను వేర్వేరు వ్యక్తులును సంఘములును నడుపుచున్నారు. ఒక సర్వరునందలి సభ్యుడు వేరొక సర్వరువానిని అనుసరించినచో, ఆతని వ్రాతలును చిత్రములును ఇచటికి నకలుగ వచ్చి చేరును. కావున సభ్యులు నూర్గురే యైనను, నిలువచేయవలసిన సరకు వారు వ్రాసినదానికంటె మిక్కిలి హెచ్చు. పెక్కుచోట్ల ఆ వ్యయమును నిర్వాహకుడే తన జేబునుండి భరించుచున్నాడు. అతడు విసిగి సర్వరును మూయదలచిన, సభ్యులు ముందుగ మేల్కొని తమ అనుచరులను వేరొకచోటికి తరలించుకొనగలరు గాని, వ్రాసిన వ్రాతలు వెంట రావు!

2022 అక్టోబరులో ట్విట్టరు ఎలాన్ మస్కు వశమైన పిమ్మట జనము వెల్లువగ నిటు వచ్చిరి. అట్టి ఉత్సాహమున ఒకమారు ఇచ్చిన నూరు రూపాయలకంటె, నెలనెల తప్పక వచ్చు పది రూపాయలే మేలని నా యభిప్రాయము. సర్వరు అద్దె ఉత్సాహము నెరుగదు గదా!

ఇంకొక మాట. సర్వరు నిర్వాహకునకు ఇచ్చిన చందా సాధారణముగ సాఫ్టువేరు వ్రాయువారికి చేరదు. పెక్కుచోట్ల ఆ రెండు సంచులు వేరు. మీలో ఈ మాధ్యమమును వాడువారున్నచో, మీ సర్వరు పరిచయపుటను నేటి రాత్రి తెఱచి, దానిని నడుపువారెవరో, చందా ఎచటికి పంపవలెనని వ్రాసిరో చూడగోరెదను.