పాలు ఎందుకు విరుగుతాయి?



ఎండాకాలం వస్తే పాడి ఉన్న ఇంట్లో ఒకటే దిగులు. ఇల్లాలు తెల్లారకముందే లేస్తుంది. గేదెకు తవుడు పెట్టి, పాలు పితికి, కేంద్రానికి తీసుకెళుతుంది. అక్కడ వాసన చూస్తారు. "పులిసినయ్యమ్మా, వద్దు" అంటారు. ఆ పూట డబ్బు పోయినట్టే. దాణా బాకీ మాత్రం అట్లాగే ఉంటుంది. ఇంటికొస్తే "దిష్టి తగిలింది" అంటుంది అత్త.

దిష్టి కాదు. పాలను పాడుచేసేవి సూక్ష్మజీవులు. అవి కంటికి కనిపించవు. పాలు పులవడానికి ఇవే కారణమని ఫ్రాన్సు దేశంలో లూయీ పాశ్చర్ అనే శాస్త్రవేత్త 1857లో చూపించాడు. పాలలో కొంచెం చక్కెర ఉంటుంది. సూక్ష్మజీవులు దాన్ని తిని పులుపును తయారుచేస్తాయి. పులుపు పెరిగిన పాలు పొయ్యి మీద పెట్టగానే విరిగిపోతాయి.

ఆరోగ్యంగా ఉన్న గేదె పొదుగులో ఇవి చాలా తక్కువ. పితికే చేతి నుంచి, చన్నులకు అంటిన పేడ నుంచి, సరిగా కడగని గిన్నె నుంచి పాలలోకి వస్తాయి. వెచ్చగా ఉంటే అరగంటకే రెట్టింపయ్యే రకాలున్నాయి. పలక తీసుకుని లెక్క వేయండి. ఒకటి రెండవుతుంది. రెండు నాలుగు, నాలుగు ఎనిమిది. ఐదు గంటలకు ఎంత? వెయ్యి దాటుతుంది!

అందుకే పితికే ముందు చేతులు సబ్బుతో కడగాలి. పొదుగు కడిగి, శుభ్రమైన గుడ్డతో తుడవాలి. మొదటి నాలుగు ధారలు వేరే గిన్నెలో పిండాలి. వాటిలో గడ్డలు గానీ, నెత్తురు చార గానీ కనిపిస్తే పొదుగువాపు అన్నమాట. ఆ పాలు కలపొద్దు. పాల గిన్నెను వేడినీళ్లతో తోమి, ఎండలో బోర్లించాలి. పాలు పితికాక గిన్నెను చన్నీళ్ల తొట్టిలో పెట్టి, త్వరగా కేంద్రానికి చేర్చాలి. రాత్రి మిగిలిన పచ్చిపాలు పొద్దుటి పాలలో కలిపితే అన్నీ పాడవుతాయి. కొందరు వంటసోడా వేస్తారు. సోడా పులుపును దాస్తుందే గానీ సూక్ష్మజీవులను చంపదు. అది కల్తీ, నేరం కూడా.

ఇంట్లో తాగే పాలు తప్పక కాచాలి. పచ్చిపాల వల్ల క్షయ రావచ్చు. బ్రూసెల్లోసిస్ అనే జబ్బు కూడా ఉంది. అది సోకిన గేదెకు నెలలు నిండకముందే దూడ పడిపోతుంది. దాని పచ్చిపాలు తాగిన మనిషికి విడవని జ్వరం వస్తుంది. పాలు పొంగేదాకా కాస్తే ఈ క్రిములు చస్తాయి.

అన్ని సూక్ష్మజీవులూ చెడ్డవి కావు. తోడు వేయడం అంటే ఏమిటి? మంచి సూక్ష్మజీవులను పాలలో వేయడమే! పాలు మరీ వేడిగా ఉంటే అవి చస్తాయి. చల్లారిపోతే కదలవు. గోరువెచ్చగా ఉండాలని అమ్మమ్మ చెప్పింది ఇందుకే. గేదెకు పొదుగువాపు సూది వేయించాక పాలు సరిగా తోడుకోవు, గమనించారా? మందు పాలలోకి దిగి, తోడులోని జీవులను కూడా చంపుతుంది. డాక్టరు చెప్పిన రోజులు అయ్యేదాకా ఆ పాలు అమ్మకూడదు, తాగకూడదు.

పాలు పడని వాళ్లలో చాలామందికి పెరుగు పడుతుంది. పాలలోని చక్కెర కొంత తోడులోనే ఖర్చవుతుంది కదా! వెన్న తీసిన మజ్జిగను చులకన చేయొద్దు. కండను పెంచే మాంసకృత్తులు, ఎముకకు కావలసిన కాల్షియం అందులోనే మిగులుతాయి. నెయ్యిలో కొవ్వు, విటమిన్ ఎ ఉంటాయి. మాంసకృత్తులు ఉండవు. కాబట్టి నెయ్యి అమ్ముకున్నా ఫరవాలేదు, మజ్జిగ మాత్రం ఇంట్లో ఉంచాలి. కానీ చాలా ఇళ్లలో గడ్డపెరుగు మగవాళ్లకు వెళుతుంది. గర్భిణికి, ఆడపిల్లకు అడుగున మిగిలిన నీళ్లమజ్జిగే గతి. ఇది మంచి పద్ధతి కాదు. బలం ఎక్కువ కావలసింది వాళ్లకే.

పాలలో ఇనుము చాలా తక్కువ. రక్తం పట్టాలంటే తోటకూర, మునగాకు, పప్పు కూడా తినాలి. ఆరు నెలలలోపు బిడ్డకు గేదెపాలు, ఆవుపాలు వద్దు. తల్లిపాలు ఒక్కటే పట్టాలి.