తల్లి సంతకమూ అప్పే

పెద్దమ్మాయి నర్సింగు చదువుకని బ్యాంకులో 3 లక్షల అప్పు తీసుకున్నప్పుడు, చూపిన చోటల్లా నేనూ సంతకం పెట్టాను. ఆ అప్పుకి నేనూ బాధ్యురాలినేనని, పిల్ల కట్టలేకపోతే నేనే కట్టాలని ఎవరూ చదివి వినిపించలేదు. 4 లక్షల దాకా తాకట్టు అక్కర్లేదన్న నిబంధన ఉన్నా నా గాజులడిగారు, తెలియక ఇచ్చాను. చదువు ముగిశాక ఏడాది గడువుంది గానీ వడ్డీ ఆగదు. మా అనంతపురంలో ప్రైవేటు నర్సుగా తనకొచ్చే జీతంలో సగం వాయిదాకే పోతోంది.

గ్రామీణ పేద యువతకు ఉచితంగా శిక్షణనిచ్చే దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన 2014లో మొదలైంది. అందులో మూడో వంతు స్త్రీలుండాలి. చిన్నమ్మాయిని చేర్చేముందు ఉద్యోగం ఎక్కడ, జీతమెంత, వసతి ఎవరిదని అడుగుతున్నాను. సంతకానికి ముందు అడగడం పొగరు కాదు, మన హక్కు.