బహిష్టులు ఆగాక వచ్చే బాధ – హార్మోన్లు లేని ఉపశమనం

స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరైన నేను, మన ఆడవాళ్లు ఎవరికీ చెప్పుకోని ఒక బాధను గురించి నాలుగు మాటలు చెబుతాను.

బహిష్టులు ఆగాక ఈస్ట్రోజన్ తగ్గి యోనిలోను, మూత్రనాళంలోను పొర పలచబడుతుంది. పొడిదనం, మంట, దురద, కలయికలో నొప్పి, మాటిమాటికీ మూత్రం రావడం మొదలవుతాయి. ఒంట్లో ఆవిర్లు కొన్నేళ్లకు తగ్గవచ్చు గాని, ఇది సాధారణంగా దానంతట అది తగ్గదు.

హార్మోన్లు ఇష్టం లేనివారికి, రొమ్ము క్యాన్సర్ వచ్చినవారికి ముందుగా చెప్పేవి హార్మోన్లు లేని పద్ధతులే. యోనిలో వాడే మాయిశ్చరైజర్ జెల్ వారానికి రెండు మూడుసార్లు క్రమం తప్పక వాడాలి. లూబ్రికెంట్ వేరు, అది కలయిక సమయంలో మాత్రమే. లోపల సబ్బు, యాంటీసెప్టిక్ నీళ్లు వాడరాదు.

దగ్గితే మూత్రం పడేవారు, మూత్రం ఆపుకునే కండరాలను 5 సెకన్లు బిగించి 5 సెకన్లు వదలాలి. పూటకు 10 సార్లు, రోజుకు మూడు పూటలు. ఫలితానికి మూడు నెలలు ఓపిక పట్టాలి.

బస్సు ప్రయాణమని నీళ్లు మానేయకండి. మూత్రం చిక్కబడి మంట పెరుగుతుంది. కాఫీ, టీలు తగ్గించండి.

సోదరులకు ఒక మనవి. భార్య దూరంగా ఉంటే అయిష్టమనుకోకండి, నొప్పి కావచ్చు. మెల్లగా అడగండి.

బహిష్టులు ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనిపించినా, మూత్రంలో రక్తం పడినా, మంటతోపాటు జ్వరం వచ్చినా వెంటనే డాక్టరుకు చూపించుకోండి.

వయసు మీద పడిందని ఓర్చుకోవడం మందు కాదు. చెప్పుకోవడమే మొదటి మందు. సెలవు.