పిల్లవాడి పేరు పక్కన మనం చేర్చే మాట
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని సెక్రటరీ గారు అడిగారు. ఫీజులు, సీట్లు, సర్టిఫికెట్ల సంగతి మిగతా పెద్దలు చెబుతారు గనుక మేము వేరే విషయం ఎత్తుకుంటామని మనవి చేశాము. నలుగురి మధ్య ఉన్నప్పుడు మనిషి మనసు ఎలా నడుస్తుందో పరిశీలించే శాస్త్రం ఒకటుంది. సాంఘిక మనస్తత్వ శాస్త్రం అంటారు. పేరు పెద్దదే గాని, అందులో ఉన్నదంతా మన వంటింట్లో, మన వీధి అరుగు మీద రోజూ జరిగేదే.

మన అబ్బాయి బడికి ఆలస్యంగా వెళితే 'బస్సు రాలేదు, వాడేం చేస్తాడు' అంటాము. పక్కింటి అబ్బాయి ఆలస్యంగా వెళితే 'వాడొట్టి సోమరి' అంటాము. ఎదుటివాడి చుట్టూ ఉన్న పరిస్థితి మన కంటికి ఆనదు, మనిషి ఒక్కడే కనబడతాడు. ఈ అలవాటుకు 1977లో లీ రాస్ అనే అమెరికా శాస్త్రవేత్త ఒక పేరు కూడా పెట్టాడు.

దీనివల్ల మన పిల్లలకు జరిగే నష్టం మేము ఏటా చూస్తూనే ఉన్నాము. పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివిన పిల్ల ఇంటర్మీడియెట్‌లో ఇంగ్లీషు మీడియంలో చేరుతుంది. ఆ పిల్లకు 'ముసల్లస్' తెలుసు, 'జావియా' తెలుసు. లెక్చరర్ గారు 'ట్రయాంగిల్' అంటారు, 'యాంగిల్' అంటారు. బొమ్మ గీసేలోగా ఆయన ముందుకు వెళ్లిపోతారు. నెల రోజులు ఆ పిల్ల నోరు తెరవదు. నెల తర్వాత అందరూ కలిసి తేల్చే మాట ఏమిటంటే, 'ఈ అమ్మాయి డల్' అని. ఆమెకు లెక్క రాక కాదండీ, మాట రాక! ఇరవై, ముప్పై పదాలు ఒక కాగితం మీద రెండు భాషల్లో రాసి ఇస్తే తీరిపోయే ఇబ్బంది, ఆ పిల్ల బుద్ధికి అంటించిన ముద్రగా మారిపోతుంది.

ముద్ర పడితే ఏమవుతుంది? 1968లో రోజెంతాల్, జేకబ్సన్ అనే ఇద్దరు అచ్చువేసిన పరిశోధన ఉపాధ్యాయ శిక్షణ తీసుకున్న వాళ్లందరికీ తెలిసినదే. కాలిఫోర్నియాలో ఒక బడిలో టీచర్లకు కొందరు పిల్లల పేర్లిచ్చి, 'వీళ్లు ఈ ఏడాది బాగా పైకి వస్తారని పరీక్షలో తేలింది' అన్నారు. నిజానికి ఆ పేర్లు చీట్లు తీసినట్టు ఏరినవి. ఏడాది తిరిగేసరికి చిన్న తరగతుల్లో ఆ పిల్లలే ఎక్కువ ముందుకు వచ్చారు. దీని మీద తర్వాత చాలా వాదాలు నడిచాయి. టీచరు అనుకున్నంత మాత్రాన అద్భుతాలు జరగవు, ప్రభావం సాధారణంగా చిన్నదే అని తేల్చారు. కాని 2005లో జస్సిమ్, హార్బర్ అనే ఇద్దరు ముప్పై అయిదేళ్ల పరిశోధనలన్నీ తిరగేసి ఒక సంగతి అన్నారు: సమాజం ముందే చిన్నచూపు చూసే వర్గాల పిల్లల మీద ఆ ప్రభావం ఎక్కువగా ఉండవచ్చునని. మనకు కావలసిన మాట అది.

ఇంటి సంగతికి వస్తే, ప్రోగ్రెస్ కార్డు చేతికి రాగానే అయిదు సబ్జెక్టుల్లో మంచి మార్కులు దాటుకుంటూ వెళ్లి మన వేలు ఆరో దాని మీదే ఆగుతుంది. చెడు మంచికంటే బలంగా తగులుతుందని 2001లో బౌమైస్టర్, అతని సహచరులు ఎన్నో రంగాల నుంచి ఉదాహరణలు తెచ్చి చూపారు. తిట్టవద్దని మేము అనడం లేదు. ఆ అయిదింటి గురించి కూడా నోరు విప్పమంటున్నాము, అంతే.

ఇక 'హౌసలా' సంగతి. ధైర్యం చెప్పండి, ధైర్యం చెప్పండి అని అందరూ అంటారు. ఉత్త మాటలతో వచ్చే ధైర్యం పరీక్ష హాలు గుమ్మం దాకానే. ఆల్బర్ట్ బండూరా 1977లో రాసినదాని ప్రకారం, 'ఇది నా వల్ల అవుతుంది' అన్న నమ్మకానికి అన్నిటికంటే గట్టి పునాది, తాను స్వయంగా చేసి గెలిచిన పని. తర్వాతిది తనవంటి వాళ్లు చేయగా చూడడం. ఇతరులు చెప్పే మాట బలం వీటి ముందు తక్కువే. అందుకే పెద్ద పెద్ద వాళ్లను పిలిచి ఉపన్యాసాలు ఇప్పించేకన్నా, మన వీధిలోనే నర్సింగ్ చదువుతున్న అమ్మాయిని, పాలిటెక్నిక్ పూర్తిచేసిన అబ్బాయిని పిల్లల మధ్య గంటసేపు కూర్చోబెట్టడం మేలు. (మా ఉపన్యాసానికీ ఇది వర్తిస్తుంది!)

అయితే మనవాళ్లకు ఉద్యోగాలు రాకపోవడమంతా ధైర్యం లేకనే అనేవారితో మేము ఏకీభవించము. థోరట్, ఆట్‌వెల్ అనే పరిశోధకులు మన దేశంలోనే ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు సమానమైన చదువున్న దరఖాస్తులు వేర్వేరు పేర్లతో పంపారు. దళిత పేర్లకూ, ముస్లిం పేర్లకూ పిలుపులు తక్కువ వచ్చాయి. 2007లో అచ్చయిన సంగతి ఇది. ఆ కంపెనీవాళ్లు కాగితం చూశారే గాని మనిషిని చూడలేదు. ఆ అన్యాయాన్ని అన్యాయమనే పిలవాలి, పిల్లవాడి లోపమని పిలవకూడదు.

మన లోపల మాత్రం? ఆయనకు ఉర్దూ సరిగా రాదు, వాళ్లు దూదేకుల వాళ్లు, వీళ్లు ఫలానా బిరాదరీ అని మనం గీసుకున్న గీతలు తక్కువా? బ్రిస్టల్‌లో హెన్రీ టాజ్‌ఫెల్ బడి పిల్లలను అర్థంలేని చిన్న కారణం మీద రెండు జట్లుగా విడదీశాడు. తమ జట్టులో ఎవరెవరు ఉన్నారో తెలియకపోయినా, డబ్బు పంచమంటే తమ జట్టు వైపే మొగ్గారు. 1970 నాటి మాట. ఆ పిల్లలకు ఒక్క పూట చాలింది. మనకు తరాల అభ్యాసం ఉంది.

ఇప్పుడు అసలు మనవి. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే ఇద్దరు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల అబ్బాయిలను తీసుకున్నారు. అగ్రకులాల వాళ్లు 321, నిమ్నకులాల వాళ్లు 321. కాగితం మీద గీసిన చిక్కుదారుల్లోంచి బయటికి దారి కనిపెట్టాలి. కులం పైకి చెప్పనప్పుడు ఇరువైపుల వారూ దాదాపు సమానంగా చేశారు. అందరి ముందూ ఒక్కొక్కరి పేరు, తండ్రి పేరు, కులం చదివి ఆడించినప్పుడు నిమ్నకులాల పిల్లలు వెనకబడిపోయారు. అదే వయసు, అదే ఆట. మారిందల్లా పైకి చదవడమే. 2004లో ఇది వెలువడింది.

మన సంఘం జూన్‌లో నోటు పుస్తకాలు, స్కాలర్‌షిప్పులు ఇస్తుంది. చాలా మంచి పని. కాని ఎలా ఇస్తున్నామో ఆలోచించండి. మైకులో 'ఫలానా వారి అమ్మాయి, నిరుపేద విద్యార్థిని' అని చదువుతాము. తోటి పిల్లలంతా చూస్తుండగా ఆ పిల్ల వేదిక ఎక్కుతుంది, ఫోటో తీస్తాము, ఆ ఫోటో ఇదే సావనీరులో వేస్తాము. వారం తిరిగేలోగా అదే పిల్లలతో కలిసి యూనిట్ టెస్టు రాయాలి. కుడి చేత్తో ఇచ్చింది ఎడమ చేతికి తెలియకూడదని మనకు చిన్నప్పుడే నేర్పారు. మనం మైకు పెట్టి చెబుతున్నాము. దాతలకు ఫోటో లేకపోతే చందాలు తగ్గుతాయని కొందరు సభ్యులు అంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. దాతల ఫోటోలు వేయండి, పేర్లు పెద్ద అక్షరాలతో వేయండి. పిల్లల ఫోటోలు మాత్రం వద్దు.

వేదిక మీదికి మార్కులు తెచ్చుకున్న పిల్లలనే పిలవండి. వాళ్లలో సహాయం అందుకునేవారు ఎందరో ఎవరికీ తెలియనక్కరలేదు. సహాయం డబ్బు తల్లి బ్యాంకు ఖాతాలో వేయవచ్చు. పుస్తకాలు బడికే పంపి, హెడ్మాస్టరు గారి చేత మామూలుగా ఇప్పించవచ్చు. జాబితా కార్యవర్గం దగ్గర ఉంటే చాలు. జూన్ లోపల ఈ విషయం కార్యవర్గ సమావేశంలో పెట్టమని కోరుతున్నాము. పుస్తకాల కట్టలు బడులకు చేర్చే పని, ఉర్దూ–ఇంగ్లీషు లెక్కల పదాల కాగితం తయారుచేసి ఇంటర్‌లో చేరే ప్రతి పిల్లకూ అందించే పని మేమూ, మా తోటి ఉపాధ్యాయులూ చూసుకుంటాము.